నక్షత్రం కింద ముఖం

"ఆ చిప్ ఈ మధ్యాహ్నం దేశం దాటిందంటే మన క్షిపణులన్నీ గుడ్డివైపోతాయి," అన్నాడు చీఫ్. "ఒక బొమ్మ వెనక దాచారట. అందుకే నిన్ను పిలిచాను."

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని బొమ్మలాయన అనేవారు. పాత సాహస పత్రికల ముఖచిత్రాల ఒరిజినల్ పెయింటింగులంటే అతనికి పిచ్చి. కవర్ అచ్చయ్యాక ప్రెస్సువాళ్లు మూలన పడేసిన బొమ్మలవి. ముసుగు వీరులు, మొసళ్లు, మంటల్లో విమానాలు అతని ఇంటి గోడలన్నీ ఆక్రమించుకున్నాయి. తాళం తీసి లోపలికెళితే పలకరించే ప్రాణి లేదు గానీ, గురిపెట్టే తుపాకులకు కొదవలేదు.

చీఫ్ బల్ల మీద ఒక పాత సంచిక పెట్టాడు. బొమ్మలాయన దాన్ని చప్పున దగ్గరికి లాక్కున్నాడు. కవర్ మీద నల్లకోటు వేసుకున్న ఆడమనిషి పిస్టల్ పట్టుకుని నిలుచుంది. ముఖం ఉండాల్సిన చోట 'ప్రత్యేక సంచిక' అంటూ పసుపు నక్షత్రం అచ్చువేశారు.

ఆ నక్షత్రం కింద ఉన్నది అతని అమ్మ. మోడల్ దొరక్క, పక్కవాటా పెయింటర్ ఆమెను బతిమాలి నిలబెట్టాడు. ఆమె పోయి చాలాకాలమైంది. అతను ఉద్యోగంలో చేరినప్పుడు రూలు ప్రకారం ఇంట్లో ఫొటోలన్నీ కాల్చేశారు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే అమ్మ గొంతు వినిపిస్తుంది, ముఖం మాత్రం సరిగ్గా గుర్తురాదు. అది మిగిలింది ఒరిజినల్‌లోనే.

"రెండు పెట్టెలు, రెండు విమానాలు," చీఫ్ చెబుతున్నాడు. "ఒకదాంట్లో ఒరిజినల్, రెండోదాంట్లో కాపీ. పరాయి దేశపు రాయబారి సరుకు కాబట్టి మనకు హద్దులున్నాయి. చూడ్డానికి రెండూ చూడొచ్చు, ఆపి విప్పడానికి అనుమతి ఒక్కదానికే. మన డబుల్ ఏజెంట్ అక్కడుంటుంది. ఎరుపు వెలుస్తుందా అని అడుగు. ఎండ తగలకపోతే వెలవదంటుంది."

కార్గో షెడ్డులోకి ఇన్సూరెన్స్ కోసం సరుకుకు విలువ కట్టేవాడి వేషంలో, అంటించిన మీసంతో అడుగుపెట్టాడు. కళ్లజోడు కాడలో సన్నటి బ్లేడు ఉంది.

సిల్కు కోటు, తెల్లటి గ్లవ్స్, మత్తెక్కించే సెంటు. అందరూ మేడమ్ అని పిలిచే ఆ డబుల్ ఏజెంట్‌ను చూసి కార్గో కూలీలు పని మర్చిపోయారు.

"ఈ ఎరుపు వెలుస్తుందా?"

"ఎండ తగలకపోతే వెలవదు."

మూతలు తీశారు. మొదటి బొమ్మలో ముఖం సబ్బు ప్రకటనలో అమ్మాయిది. కాపీ చేసినవాడికి దొరికింది అచ్చయిన కవరే. నక్షత్రం కింద ఏముందో తెలియక సొంతంగా ఒక అందగత్తెను గీసిపారేశాడు.

రెండో పెట్టెలో అమ్మ ఉంది. ఎడమ కనుబొమ కాస్త పైకి లేచి ఉంది.

"చిప్ ఒరిజినల్ వెనకే అంటించారు," మేడమ్ గుసగుసలాడింది. "దీన్ని ఆపండి. కేసు తేలాక మీ ఇంటికే వస్తుంది. ఇన్నేళ్లుగా వెతుకుతున్నది దీనికోసమేగా? మీ ఫైలు చదివాను."

పెట్టెను ఆపే ఆర్డర్ మీద సంతకానికి పెన్ను తీశాడు. అంతలో కూలీ ఒకడు పెట్టె జరుపుతూ అమ్మ బొమ్మ మీద బొటనవేలు ఆనించాడు.

"వేలు తియ్యి! రంగు పోతుంది!" మేడమ్ కెవ్వుమంది.

అతని పెన్ను ఆగిపోయింది. అది నటన కాదు. సేకరించేవాళ్లకు తప్ప అలాంటి కేక రాదు.

"మీరూ సేకరిస్తారన్నమాట."

"అయితే?"

"సేకరించే మనిషి ఒరిజినల్‌కి జిగురు పూయనివ్వదు, మేడమ్."

ఆమె పెదవుల మీద నవ్వు మాయమైంది. అతను వెనక్కి తిరిగాడు. మూత బిగించిన కాపీ పెట్టె అప్పటికే బెల్టు మీద విమానం తలుపు దాకా వెళ్లిపోయింది.

"ఆపండి! అదే ఆపండి!" అని అరుస్తూ పరుగెత్తాడు. తలుపు మూసుకుంటుండగా పెట్టెను ఇవతలికి లాగాడు. మూత పెకలించి, బ్లేడుతో కాన్వాసు చీల్చాడు. గోరంత చిప్ అరచేతిలో పడింది.

గార్డులు మేడమ్ చేతులకు బేడీలు వేశారు.

"మీ అమ్మనే ఎంచుకుంటారనుకున్నాను," అంది.

"నేనూ అలాగే అనుకున్నాను."

ఒరిజినల్ కాగితాల్లో లోపం లేదు. దాన్ని ఆపే అధికారం ఇంకెవరికీ లేదు. రెండో విమానం దాన్ని మోసుకుని మబ్బుల్లోకి వెళ్లిపోయింది. దిక్కులేనివాడినయ్యానని అతనికి మొదటిసారి అనిపించింది. అమ్మ పోయిన రోజు కూడా ఇంతగా అనిపించలేదు.

కస్టమ్స్ ఆఫీసర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఎవరు సార్ ఆ బొమ్మలో ఆవిడ? మూత వేస్తుంటే నాకే వణుకు పుట్టింది."

"మా అమ్మ."

"అయ్యో, సారీ సార్! పిస్టల్ చూసి లేడీ విలన్ అనుకున్నా."

"పిస్టల్ పెయింటర్ ఇచ్చాడు," అన్నాడు బొమ్మలాయన మీసం పీక్కుంటూ. "ఆ చూపు మాత్రం నా లెక్కల మార్కులు చూసినప్పటిది."