నల్లగుండు కాడి తలలేనిది

మహదేవపూర్ అడవిల, గోదారి దిక్కు పోయే తోవ మీద నల్లగుండు అని పెద్ద బండరాయి ఉన్న మూల ఒకటి ఉన్నది. పొద్దుగూకినంక అటు పోవద్దంటరు. ఆడ తలలేనిది ఒకటి తిరుగుతదట. మనిషి లెక్కనే రెండు కాళ్ల మీద నిలవడతదట, ఒళ్లంత నల్లటి జుట్టట... మెడ మీద తల ఉండాల్సిన కాడ మాత్రం వట్టి మెరుపట.

దానికి కథలు గూడ పుట్టినయి. గోదాట్ల మునిగిన పెండ్లిపిల్ల అని ఒకరన్నరు. నిజాం కాలంల తల పోయిన తాసీల్దారు అని ఇంకొకరన్నరు. నాకు ఇప్పటికీ వింతనిపించేదేందంటే, ఆ దెయ్యం కనవడవట్టి అప్పటికి మూడు రోజులే. మూడు రోజుల దెయ్యానికి నూరేండ్ల కథ అల్లిన్రు మనోళ్లు.

తెలంగాణ కోసం సకలజనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు. కరెంటు ఎప్పుడొస్తదో, ఎప్పుడు పోతదో తెల్వదు. అడవి చూడవచ్చేటోళ్ల కోసమని గోదారి ఒడ్డున నాలుగు వెదురు గుడిసెలు కట్టిన్రు. ఆడ ఇమాంబీ వంట చేసేది, బుచ్చమ్మ ఊడ్చేది. పదేండ్లు ఒక్క పొయ్యి కాడ చాయ్ తాగినోళ్లకు ఇప్పుడు మాటల్లేవు.

దానికి కారణం ఒక బిందె.

సోమవారం నల్లగుండు కాడ రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు. ఇమాంబీ తన తల్లి ఇచ్చిన సత్తుబిందె నిండ బెల్లం షర్బత్ కలిపి తెచ్చింది. పోలీసు జీపులు రాంగనే ఎటోళ్లటు ఉరికిన్రు. పొద్దుమీకి సామాన్లు ఏరుకొచ్చింది బుచ్చమ్మ. గంటెలు వచ్చినయి, గుండిగలు వచ్చినయి. బిందె రాలేదు.

చీకట్ల ఇంకోపారి పోయి చూసిన్నని బుచ్చమ్మ చెప్పింది. తలలేనిది ఎదురువడితే ఉరికొచ్చిన్నన్నది. దాన్ని మొదలు చూసింది ఆమెనే.

ఇమాంబీ పక్కున నవ్వింది. దొంగతనానికి దెయ్యాన్ని సాక్ష్యం తెచ్చినదాన్ని ఎన్నడూ చూడలేదన్నది. వంటింట్ల అడుగు పెట్టొద్దన్నది. శుక్రవారం మేనేజరు వస్తడు, ఈమెను పనిల నుంచి తీసెయ్యమని చెప్తా అన్నది. బుచ్చమ్మకు ఆ కూలి తప్ప వేరే ఆసరా లేదు. అయినా చీపురు తీసుకొని వాకిలి ఊడ్చుకుంట పోయింది.

గురువారం నాడు రఘునాథ్ అనే సారు కారేసుకొని దిగిండు. కోస్తా దిక్కు మనిషి. మెడల దుర్బీను, భుజానికి కెమెరా, చేతిల పిట్టల బొమ్మల పుస్తకం. అడుగుజాడ చూస్తే చాలు, ఏ జంతువో చెప్పేస్తా అన్నడు. తోవ చూపే అడవి ఆఫీసు గట్టయ్య సమ్మెల ఉన్నడు. అందుకని ఆ పొద్దంత ఆయనకు దొరికింది ఇమాంబీ ఒక్కతే. ఆమె 'గిట్ల' అంటే నవ్విండు, 'గట్ల' అంటే నవ్విండు. ఈడ గుడ్డెలుగులు ఉంటయి సారు అంటే, దాన్ని ఎలుగుబంటి అనాలమ్మా అని దిద్దిండు. దెయ్యం ముచ్చట చెవిలవడితే మూతి వంకర తిప్పిండు.

"మీ ప్రాంతంలో ఇంకా ఇలాంటివి నమ్ముతారా?"

ఆ మాటకు ఇమాంబీకి కోపం రాలేదు. ఆమె నమ్మితే గద. దెయ్యమని అందరిని బెదిరించి బుచ్చమ్మ బిందెను ఆడనే ఏ పొదలనో దాచి ఉంటదని ఆమె లెక్క. రాత్రి నల్లగుండు వాగుకు జంతువులు నీళ్లకొస్తయి, చూపిస్త రా సారు అన్నది. బిందె దొరికితే తెల్లారి మేనేజరు ముందల పెట్టొచ్చు.

ఇద్దరూ బయలెల్లిన్రు. ఎన్నెల పల్చగ ఉన్నది. తోవ పొంటి ఏది కూసినా సారు దాని పేరు చెప్పుకుంట నడిచిండు. దుప్పి కూసింది — పేరు చెప్పిండు. పిట్ట అరిచింది — పేరు చెప్పిండు. నల్లగుండు దగ్గరవడ్డది. ఒక్కసారే అడవంత నోరు మూసుకున్నట్టయింది...

ఊ... ఊ...

బాయిల వడ్డ మనిషి ఏడ్చినట్టు.

"గుడ్లగూబ," అన్నడు సారు, మెల్లగ.

ఊ... ఊ...

"నక్క అయ్యుంటుంది."

మూడోసారి ఆయన ఏ పేరూ చెప్పలేదు.

గుండు వెనుక నుంచి నల్లగ ఒకటి లేచింది. రెండు కాళ్ల మీద నిలవడ్డది. చేతులు మీదికెత్తింది. మెడ మీద తల లేదు... కండ్లు లేవు, నోరు లేదు... నున్నటి మెరుపు ఒక్కటే, ఎన్నెల్ల అటూ ఇటూ ఊగవట్టింది.

పుస్తకం కిందవడ్డ చప్పుడైంది. సారు నేర్చిన జంతువుల పేర్లన్ని మరిచి, దేవుళ్ల పేర్లు చదువుకుంట ఉరికిండు.

ఇమాంబీ ఉరకలేదు. ధైర్యమొచ్చి కాదు, ఎటు ఉరకాల్నో తెల్వక. యా అల్లా అని కండ్లు మూసుకున్నది. బుచ్చమ్మ చెప్పింది నిజమేనా...

అంతల ఠంగ్ మన్నది. తలలేనిది తన మెరుపును గుండుకేసి కొట్టుకుంటున్నది. ఠంగ్... ఠంగ్...

ఇమాంబీ కండ్లు తెరిచింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ముప్పై ఏండ్లు బోరింగు కాడ విన్న చప్పుడది.

ఇంకొక్క దెబ్బకు తల ఊడింది. రాళ్ల మీద దొర్లుకుంట వచ్చి ఆమె కాళ్లకు తాకి ఆగింది.

సత్తుబిందె. అడుగున తారుతోని వేయించిన మాటు ఊడి, రూపాయి బిళ్లంత బొక్క. ఆ బొక్కల నుంచే మూడు రోజులు ఊపిరి తీసింది, ఆ బొక్కల నుంచే ఏడ్చింది... అగో, ఆ పొడుగు మూతి గుడ్డెలుగు పిల్ల. బిందె అడుగున మిగిలిన బెల్లానికి ఆశపడి తల పెట్టింది. ఇమాంబీ దిక్కు చూడను గూడ చూడలేదు. వాగుల మూతి పెట్టి తాగుతనే ఉన్నది, తాగుతనే ఉన్నది.

గుడిసెల కాడ సారు కార్ల కూసొని అద్దాలెక్కించుకున్నడు. ఏలెడంత సందు దించి, అదేమిటమ్మా అని అడిగిండు.

"గుడ్డెలుగు సారు. మీ బాసల ఎలుగుబంటి."

సారు సంగతి అంతటితోని అయిపోయింది. ఇమాంబీ మాత్రం సొట్టలువడ్డ బిందెను సంకల పెట్టుకొని బుచ్చమ్మ ఇంటికి నడిచింది. నల్లగుండు కాడ ఉరకనిది ఈ తలుపు ముందలికి రాంగనే వాపస్ పోదామనుకున్నది గూడ. చివరికి తట్టింది.

బుచ్చమ్మ దీపం పట్టుకొని తలుపు తీసింది. బిందెను చూసింది. ఇమాంబీని చూసింది.

"రేపు మేనేజరుకు నేనే చెప్త చెల్లె," అన్నది ఇమాంబీ, "నీ మీద దొంగతనం మోపింది నేను, తప్పు నాదని."

బుచ్చమ్మ దీపం బిందె దగ్గరికి తెచ్చి, ఆ బొక్కల వేలు పెట్టి చూసింది.

"అయితే," అన్నది మెల్లగ, "దెయ్యమే సాక్ష్యం చెప్పిందా అక్కా?"