పెద్దోడి కర్రలు

తెల్లవారుతుండగా పెరట్లో ఠాప్‌మని చప్పుడైంది. గోల్ఫ్ బంతి వెళ్ళి వలకు తగిలిన చప్పుడు. మంచం మీద తల్లి మెలకువగానే ఉంది కానీ కళ్ళు తెరవలేదు. తెరిస్తే కొడుతున్నది కూతురని తెలిసిపోతుంది. మూసుకుంటే మాత్రం పెద్దోడే. వాడు ఆడిన కర్రలే, వాడి విసురే. పోటీకని వెళ్ళిన కొడుకు దారిలో కారు బోల్తా పడి చనిపోయి మూడేళ్ళయింది. అయినా రోజూ పొద్దున్న కాసేపు వాడు పెరట్లోనే ఉంటాడు.

ఆమె లేచి కుట్టుమిషన్ ముందు కూర్చునేసరికి చిన్ని నడుం పట్టుకుని లోపలికొచ్చింది.

"మళ్ళీ నొప్పా?"

"కాస్త పట్టేసిందిలే. అమ్మా, ఇవాళ మేడమ్ వస్తోంది. నాన్నని నోరు అదుపులో పెట్టుకోమను."

"ఆయన నోరు ఆయన మాటే వినదు, నా మాట వింటుందా?"

ప్రొఫెషనల్ పోటీల్లో ఆడాలని చిన్నికి కొండంత ఆశ. ఏడాదిపాటు శిక్షణకీ ప్రయాణాలకీ ఎవరైనా అండగా నిలబడితే తప్ప అయ్యే పని కాదు. చెప్పులరిగేలా తిరిగింది. అందరూ "చూద్దాం" అన్నారు. చూద్దామన్నవాళ్ళు మళ్ళీ కనపడితే ఒట్టు. ఆటసామాన్ల దుకాణం నడిపే మేడమ్ ఒక్కతే ఇంటికొచ్చి ఆట చూస్తానంది. ఒకప్పుడు తనూ ఆడిన మనిషి.

మేడమ్ పెరట్లో నిలబడి, చిన్ని కొట్టినంతసేపూ కళ్ళార్పకుండా చూసింది. ముందుగదిలోకి వచ్చి కూర్చోగానే తండ్రి అందుకున్నాడు.

"మా పెద్దోడిదీ అచ్చం ఇదే విసురండీ. వాడు గాలిని కూడా లెక్కచేయడు. కొట్టాడంటే కొట్టినట్టే."

"అబ్బాయి కూడా ఉన్నాడా? ఏడీ?" అంది మేడమ్ గుమ్మం వైపు చూస్తూ.

తల్లి కూడా గుమ్మం వైపే చూసింది. ఎవరైనా అడిగితే చాలు, ఆమెకలా చూడటం అలవాటైపోయింది.

మేడమ్ ఇక రెట్టించలేదు. "అమ్మాయిలో సరుకుంది. ఏడాది ఖర్చు నాది. కానీ ఆ కర్రలు పక్కన పెట్టాలి. అవి ఎవరో పొడుగాటి మగమనిషివి. వాటికోసం ఈ పిల్ల ఒళ్ళంతా మెలితిప్పుకుంటోంది. ఇలాగే ఆడితే నడుం పోతుంది. పోయే నడుం మీద నేను పైసా పెట్టను."

తండ్రి ముఖం జేవురించింది. "అవి వాడివి! వాటిని పక్కన పెట్టేటట్టయితే ఈ ఇంట్లో ఆటే అక్కర్లేదు!"

తల్లి మాత్రం కూతురి వైపు తిరిగింది. ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ అంగుళం తేడా రాకుండా సరిచేసే మనిషి తను. కన్నకూతురి చేతిలో ఉన్నది ఎవరి కొలతో తెలియకనా?

"నొప్పి పుడుతోందని ఎందుకు చెప్పలేదే?" అంది.

చిన్ని తల దించుకుంది. "నువ్వు కళ్ళు మూసుకుని వింటావని నాకు తెలుసమ్మా. కిటికీలోంచి చూశాను. నవ్వుతున్నావు. ఈ మూడేళ్ళలో నువ్వు నవ్వగా చూసింది అప్పుడే. ఇక ఎలా మానను?"

తల్లికి అప్పుడర్థమైంది. మూడేళ్ళుగా ఈ పిల్ల నడుం విరుచుకుని తనకు కొడుకును తెచ్చి ఇస్తోంది. తను ఒక్కరోజు కూడా బయటికొచ్చి ఈ పిల్లను చూడలేదు. ఆ సిగ్గుతో ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నువ్వు ఏడుపు ఆపు! వాడొచ్చి నా కర్రలేవంటే..." అంటూ తండ్రి లేచాడు.

"రాడు," అంది తల్లి. ఆ మాట ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అనలేదు. "వాడు లేడండీ. పోయాడు. మనకున్నది ఇదొక్కతే."

తండ్రి కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. చిన్ని వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిని ఆయన వదల్లేదు.

తల్లి కళ్ళు తుడుచుకుని మేడమ్ వైపు తిరిగింది.

"దీనికి సరిపడేవి ఇప్పించండమ్మా. చప్పుడు ఎలా ఉన్నా ఫరవాలేదు. రేపట్నుంచి పక్కనే నిలబడి చూస్తాను."