పాప వేలు పెట్టే చోటు

చర్మం డాక్టరు గది చల్లగా, శుభ్రంగా ఉంది. ఎక్కడో ఏసీ సన్నగా మూలుగుతోంది. ఆమె కుర్చీలో వాలి పడుకుని ఉంది. ఎడమ బుగ్గకి మత్తు క్రీము రాసి చాలాసేపైంది. బుగ్గ ఉందో లేదో కూడా తెలియడం లేదు. ఆ మాటకొస్తే, కవల అక్క పోయిన నాటి నుంచి ఆమె మనసూ అలాగే ఉంది.

ఆ కారు ప్రమాదంలో అక్క ప్రాణం పోయింది. ఆమెకి బుగ్గ మీద అద్దం పెంకు గీసిన మచ్చ మిగిలింది. అక్క కూతురు అప్పటికి పసిగుడ్డు. పాపని ఈమే పెంచింది. పాప ఈమెనే అమ్మా అని పిలుస్తుంది. ఆ మచ్చ మీద వేలు పెట్టి రాస్తే గాని దొరసానికి నిద్ర పట్టదు. కన్నతల్లి వేరే ఉండేదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొన్న అటక సర్దుతుంటే పాపకి అక్క ఫొటో దొరికింది, నిండు గర్భంతో నవ్వుతూ.

"ఇది నేనే, నువ్వప్పుడు నా పొట్టలో ఉన్నావు," అందామె తడబడకుండా.

"మచ్చ లేదుగా. నువ్వు కాదు," అంది పాప.

పాప దూరమవుతుందేమోనన్న భయమొక్కటే ఆమెలో ఇంకా బతికుంది. మచ్చ పోతే ఫొటోలో ఉన్నది తనేనని పాప నమ్ముతుంది. అందుకే ఈ లేజరు.

"ఒక్కసారికే పోదమ్మా, కాస్త పల్చబడుతుందంతే," అంటూ డాక్టరు ఆమె కళ్ల మీద నల్లటి మూతలు పెట్టాడు.

చీకటి. మిషను టిక్కు టిక్కుమంటోంది. వెంట్రుకలు కాలిన వాసన. నొప్పి లేదు. ఎవరో చెయ్యి పట్టుకున్నారు. చల్లటి చెయ్యి... నర్సేమో అనుకుంది.

"ఇన్నాళ్లూ మోశావు..." చెవి దగ్గర గుసగుస. "ఇక నాకిచ్చెయ్యి చెల్లీ."

భయపడాలని తెలుసు. భయం రాలేదు.

మూతలు తీశాక చూస్తే గదిలో డాక్టరు ఒక్కడే ఉన్నాడు. అద్దం ఇవ్వడం కూడా మరిచి ఆమె బుగ్గనే చూస్తున్నాడు. ఎర్రదనం లేదు. మచ్చ జాడే లేదు.

"ఇలా జరగదే..." అన్నాడు.

సాయంత్రం వెళ్లి, పాపని అప్పజెప్పిన పక్కింటి పిన్నిగారి తలుపు తట్టింది.

"ఇందాకేగా వచ్చి తీసుకెళ్లావు! మత్తు తలకెక్కిందా ఏంటి?" అని నవ్వింది పిన్నిగారు. "మచ్చ ఉన్నది ఉన్నట్టే ఉందని కూడా అన్నాను కదే..." ఆమె బుగ్గ చూసి నవ్వు ఆపేసింది.

పరుగున వెళ్లి చూస్తే, తన ఇంటి తలుపుకి లోపల గొలుసు వేసుంది. సందులోంచి పాప కన్ను కనిపించింది.

"తియ్యి తల్లీ. అమ్మని."

పాప ఆమె బుగ్గ పట్టి పట్టి చూసింది.

"మచ్చ లేదుగా," అంది మెల్లిగా. "నువ్వు కాదు. అమ్మ లోపల పడుకుంది. నన్నూ రమ్మంది."

తలుపు మూసుకుంది.

లోపల మంచం కిర్రుమంది. పాప ఆవలింత... ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమె తలుపుకి ఆనుకుని నిలబడి, గోరుతో బుగ్గ గట్టిగా గిల్లుకుంది. ఏమీ తెలియలేదు.

కాసేపటికి తెలిసింది. మొద్దుబారిన ఆ బుగ్గ మీద, మచ్చ ఉండాల్సిన చోట, ఓ చిన్న వేలు... పైకీ కిందకీ... నిద్రలోకి జారుకుంటూ మెల్లగా రాస్తోంది.