చివరి వరస

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో టీ రెండుసార్లు పెడతారు. మొదటిది తాగడానికి, రెండోది తగువులాడుకోవడానికి. తగువంటే ఆస్తి పంపకాల తగువేం కాదు, సినిమా తగువు. శనివారం సాయంత్రం అందరూ కలిసి ఏ సినిమా చూసొస్తే, ఆదివారం ముందుగదిలో కూర్చుని దాని తోలు ఒలిచి ఆరేస్తారు. ఆ పని పూర్తయితే గానీ ఎవరికీ స్నానాలు గుర్తుకు రావు.

ఆ ఇంటాయన స్కూలు బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. వీధి మొదట్లో జిరాక్సు కొట్టున్న బావమరిది పొద్దస్తమానం "బావా, బావా" అని కేకేస్తుండటంతో వీధి వీధంతా ఆయనకి బావమరుదులైపోయారు. అదే లెక్కన ఆయన భార్య అందరికీ అక్కయింది. ఆమెని వేరే పేరుతో పిలిచే హక్కు ఒక్క మొగుడికే మిగిలితే, ఆయనేమో "ఏమోయ్"తో సరిపెట్టుకున్నాడు. ఆయన బస్సెక్కిస్తే చాలు, పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకుంటాడని ఆ చుట్టుపక్కల తల్లులందరికీ ధీమా.

ఈ వారం సినిమా అందరికీ నచ్చింది. అదే వచ్చిన చిక్కు. అందరికీ నచ్చితే తగువెక్కడిది? పైవాటాలో అద్దెకుంటున్న లెక్కల మాస్టార్ని రిటైరైనా మార్కులు వేసే జబ్బు వదల్లేదు. నూటికి ఎనభై రెండు వేసి, రెండో పాటకి ఐదు మార్కులు కోసేశారు. అక్క తమ్ముడు, అదే జిరాక్సు కొట్టాయన, సోఫా మీంచి లేచి హీరో నడక నడిచి చూపించబోయి టీపాయికి మోకాలు కొట్టుకున్నాడు. అక్క నవ్వుతూ కప్పులు నింపింది.

బావ ఎప్పుడూ చివర్నే మాట్లాడతాడు. అందరి వాదనలూ అయ్యాక హైకోర్టు తీర్పు చెప్పినట్టు ఉంటుంది ఆయన ధోరణి. గొంతు సవరించుకుని ముందు ఆఖరి ఘట్టం ఎత్తుకున్నాడు. భార్య పెట్టె సర్దుకుని వెళ్ళిపోబోతుంటే భర్త హాల్లో నిలబడి ఆమె అన్నకి ఫోన్ చేసి తప్పంతా తనదేనని ఒప్పుకునే ఘట్టమది. ఆ ఫోన్ మాటలన్నీ, ఎక్కడ గొంతు తడబడిందో అక్కడ తడబడుతూ, ఒక్క అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు.

"అంతా బాగుంది గానీ," అన్నాడు బావ, "వెళ్ళిపోతానన్న మనిషి తర్వాతి సీన్లో డాబా మీద బట్టలారేస్తుంటుంది. ఎందుకు ఆగిపోయిందో చెప్పొద్దూ? ఎడిటర్ నిద్రపోయాడు."

తమ్ముడు పడీ పడీ నవ్వాడు. ఎందుకంటే ఆ సినిమాకి ప్రాణమే అది. తెర మధ్యలో మొగుడు ఫోన్లో మాట్లాడుతుంటాడు. తెర అంచున, తెరిచున్న పడగ్గది తలుపులోంచి, పెళ్ళాం ఆ మాటలు వింటూ పెట్టెలోని బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెడుతుంటుంది. ఆమె నోట మాట లేదు, వెనక సంగీతం లేదు. హాలు మొత్తం ఊపిరి బిగపట్టి చూసింది దాన్నే.

"బావా, నిద్రపోయింది ఎడిటర్ కాదు, నువ్వు," అన్నాడు తమ్ముడు. ఒకప్పుడు నాలుగో వరసలో నడిమధ్య సీటు దొరక్కపోతే టికెట్టే తీసుకోని మనిషి, ఆర్నెల్లుగా చివరి వరస పట్టుకు వేలాడుతున్నాడని, గోడకి తల ఆనించి కునుకు తీయడానికే ఆ వేషమని దెప్పాడు. బావ కూడా నవ్వేశాడు. అవునని, కాస్త కన్నంటుకుందని ఒప్పుకున్నాడు.

అక్క చేతిలో టీ గిన్నె అలాగే ఆగిపోయింది. నిన్న హాల్లో ఆయన పక్క సీటు ఆమెదే. ఆయన కన్నంటుకోలేదు. నిద్రపోయినవాడికి ఆ ఫోన్ మాటలన్నీ ఎలా వస్తాయి? అన్నీ విన్న మనిషి అది మాత్రం చూడలేదంటే ఏమిటర్థం? నిద్రపోకుండానే నిద్రపోయానని అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది? అడుగుదామనుకుంది గానీ, మొగుడి మొహం చూశాక గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడాయన.

వాళ్ళు వెళ్ళిపోయాక అక్కకి ఏ పనిలోనూ చెయ్యి ఆడలేదు. ఒక్కోటీ గుర్తుకొస్తోంది. గుమ్మం తగిలి ఆయన భుజం కమిలిపోవడం. సందులో ఎదురైనా పలకరించకుండా వచ్చేశాడని మాస్టారు చిన్నబుచ్చుకోవడం. వయసొస్తోంది, పరాకు ఎక్కువైంది అనుకుని తనే కసిరింది అప్పట్లో. ఇప్పుడు తన నోరే తనకి చేదనిపించింది.

అన్నం వడ్డించి, మంచినీళ్ళ గ్లాసు కంచం పక్కన కాకుండా జానెడు ఎడంగా పెట్టింది. నీళ్ళేవని అడిగాడాయన. పెట్టానంది. ఆయన తల తిప్పి వెతికి గ్లాసందుకున్నాడు. తర్వాత ఆమె పిల్లిలా వెళ్ళి ఆయన కుర్చీ పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడింది. ఆయన అన్నం తింటూనే వంటింటి వైపు చూసి, "పెరుగు తీసుకురావోయ్," అని కేకేశాడు. పక్కనున్న మనిషి కోసం అంత దూరం కేక. అక్క చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచే వచ్చినట్టు పెరుగు తెచ్చి పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆమె మంచం మీద వాలింది గానీ కళ్ళు మూతపడలేదు. కళ్ళు మూస్తే చాలు, పసుపు రంగు బస్సు, కిటికీల్లో ముప్పై ఎనిమిది తలకాయలు. రేపు సోమవారం. ఆరున్నరకల్లా మొదటి స్టాపు. లేనిపోనివి ఊహించుకుని గోరంతని కొండంత చేస్తున్నానేమో అని ఒకసారి అనుకునేది. అడక్కుండా ఊరుకుంటే, రేపు జరగరానిది జరిగితే ఆ పాపం ఎవరిదని వెంటనే వణికేది. నాలుగున్నరకి లేచి మొహం కడుక్కుని వీధిలోకి నడిచింది.

ఆదివారం సాయంత్రాలు బావ వీధిలో నిలిపి ఉంచే బస్సుని కడుగుతాడు. ఆమె వెళ్ళేసరికి నీళ్ళ పైపు చుట్టిపెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని అద్దం తుడుస్తున్నాడు. అక్క ఎక్కి ఇంజను పక్కన ఆయా కూర్చునే సీట్లో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఏం సంగతని అడిగాడాయన, ముందుకి చూస్తూనే. ఆమె చెయ్యి ఎత్తి ఆయన మొహానికి పక్కగా, చెవికి కాస్త ముందు మూడు వేళ్ళు చూపించింది. ఆయన అద్దం తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆమె చెయ్యి అలాగే ఉంచి మెల్లగా ముందుకి జరిపింది. దాదాపు ముక్కుకి ఎదురుగా వచ్చాక గానీ ఆయన ఉలిక్కిపడలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది అక్క.

ఆయన ఏమీ తెలియనట్టు చూశాడు. కళ్ళజోడు మార్చాలన్నాడు. సైటు పెరిగిందన్నాడు. ఆమె కదలకపోయేసరికి తుడిచే గుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఉండలా చుట్టాడు.

"ఆర్నెల్లు దాటింది. మధ్యలో బానే కనపడుద్ది. పక్కలే మూసుకుపోతున్నాయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు."

"డాక్టరుకి చూపించారా?"

"చూపిస్తే రాసిస్తాడుగా. రాసిస్తే బండి తియ్యనివ్వరు." గుడ్డ ఉండని అటూ ఇటూ తిప్పాడు. "నాకు నేనే చూసుకుంటున్నా. చివరి వరసలో కూర్చుంటే తెర చిన్నదైపోతుంది కదా. మొదట్లో అక్కణ్ణుంచి తెరంతా కనపడేది. హమ్మయ్య అనుకునేవాణ్ణి. వారం వారం అంచులు తగ్గుతూ వచ్చాయి. నిన్న మధ్యలో ఒక ముక్క మిగిలింది. సినిమా చూడ్డానికి కాదోయ్ నేను వస్తోంది. ఎంత మిగిలిందో కొలుచుకోడానికి."

అక్కకి ఏడుపు రావాల్సింది. కోపం వచ్చింది. అది కూడా అలాంటిలాంటి కోపం కాదు, అరికాలి నుంచి నడినెత్తికి ఎక్కింది. ఆర్నెల్లుగా తెలిసి తెలిసి, అంతమంది పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని తిరిగారా అని నిలదీసింది. కన్నవాళ్ళు మిమ్మల్ని నమ్మి పంపుతున్నారే, వాళ్ళకి ఏం సమాధానం చెబుతారంది. పెళ్ళయ్యాక ఆయన మీద ఆమె గొంతు అంత లేవడం అదే మొదటిసారి. రోడ్డు ఎదురుగా కనపడుతూనే ఉంది కదా అనుకున్నానని గొణిగాడాయన.

"గురువారం మధ్యాహ్నం ఏడో స్టాపులో పాపని దించి బండి కదిపాను," అన్నాడు తర్వాత, స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని. "ఆయా గొంతు చించుకుని అరిచింది. బ్రేకు తొక్కి దిగి చూస్తే పాప బంపరుకి జానెడు దూరంలో ఉంది. ఎవరికీ చెప్పొద్దని ఆయా చేతులు పట్టుకున్నా."

అక్క సీటు కమ్మీ పట్టుకుంది.

"నాకేమన్నా ఈ పని తప్ప ఇంకోటి వచ్చా?" అన్నాడాయన. "బస్సు దిగితే నేనెవర్నోయ్? ఎవరింటికి పోయినా డ్రైవరు గారు వచ్చారంటారు. రేపట్నుంచి ఏమంటారు?"

"ఏమన్నా అననివ్వండి. ఆ పాపకేమన్నా అయ్యుంటే ఏమనేవాళ్ళో అది అనరు కదా," అంది అక్క. కాసేపటికి మెత్తబడి, ఆయన చేతిలోని గుడ్డ తీసుకుంది. "నాకు చెప్పుకోకూడదా? పరాకని మిమ్మల్ని కసిరాను కూడా. పక్క సీట్లో కూర్చుని కూడా తెలుసుకోలేకపోయాను."

చెబితే నిజమైపోతుందని భయమేసిందన్నాడాయన. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ముందద్దంలోంచి వీధిలోకి చూస్తూ.

ఆ తర్వాత ఆయన జేబులోంచి ఫోను తీసి స్కూలు ట్రాన్స్‌పోర్టు మేనేజరుకి కలిపాడు. జ్వరమని చెబుతాడేమో, రెండ్రోజులు గడువు పెడతాడేమో అని అక్క చెవి ఒగ్గి వింది. ఆయన అలా చెప్పలేదు. కళ్ళు సరిగ్గా కనపడటం లేదని, గురువారం జరిగిందీ, ఆయా తప్పేం లేదనీ, రేపట్నుంచి బండి తియ్యననీ నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. మేనేజరు గొంతు గట్టిగానే వినిపించింది. గురువారమే చెప్పాల్సిందన్నాడు, రేపు ఆఫీసుకొచ్చి రాతపూర్వకంగా ఇమ్మన్నాడు, ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. బావ అన్నిటికీ "అలాగేనండి" అన్నాడు.

పది నిమిషాల్లో స్పేరు డ్రైవరు ఫోన్ చేశాడు. ఆ రూటు అతనికి కొత్త. బావ వెన్ను నిటారు చేసుకుని, కాగితం అక్కర్లేకుండా స్టాపులన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. రెండో స్టాపులో కవలలు, ఒకడెక్కితే రెండోవాడు ఎక్కేశాడనుకోవద్దు. నాలుగో స్టాపులో అబ్బాయికి కడుపులో తిప్పుతుంది, కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. ఐదో స్టాపులో తల్లి రోజూ రెండు నిమిషాలు ఆలస్యం, హారన్ కొట్టొద్దు, నడుము నొప్పి మనిషి. వింటున్న అక్క కొంగుతో నోరు నొక్కుకుంది. కళ్ళు పోతున్నాయని ఈయన బాధ, కానీ ఇవన్నీ కళ్ళతో చూసినవి కావు.

"ఏడో స్టాపు, నీలం గేటు," అని ఆగాడు బావ. "అక్కడ ఒక పాప దిగుద్ది. దిగ్గానే ఇంట్లోకి పోదు. బస్సు ముందుకొచ్చి ఓ పక్కగా నిలబడుద్ది. నువ్వు చెయ్యి ఊపేదాకా కదలదు. ఆ అలవాటు చేసింది నేనే. చూసి, చెయ్యూపి, గేటు లోపలికి పోయాకే బండి తియ్యి."

అలాగే అన్నట్టున్నాడు అవతలతను. బావ మాత్రం ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"నేను కొన్నాళ్ళుగా ఊపట్లేదు. కనపడక. డ్రైవర్ తాతకి నా మీద కోపమొచ్చిందా అని ఆయానడిగిందంట. అందుకే ఆ రోజు ఇంకాస్త దగ్గరికొచ్చి నుంచుంది. కోపం కాదని చెప్పు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు అక్కకి వినిపించింది. బావకి వినిపించలేదు.

"కోపం కాదని చెప్పు," అంటూనే ఉన్నాడు.