పట్టని ఫిల్ము

"షోకుకు పెట్టుకునేటందుకైతే మిషన్ ఇయ్య," అంది ఆమని, షట్టర్ సగమే ఎత్తి.

వానలో తడుస్తున్న హర్ష తల వంచి లోపలికి చూశాడు. "షోకుకి కాదండీ. బాత్రూమ్‌ని డార్క్‌రూమ్ చేద్దామని."

నవ్వు ఆపుకుని దారిచ్చింది. మేడ్చల్‌లో నలభై ఏళ్లు ఫొటోలు తీసిన తండ్రి పోయి ఆరు నెలలైంది. నెలాఖరుకు బాపు స్టూడియో మడిగె ఖాళీ చేయాలి. ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్‌ కోసం వచ్చినవాళ్లందరూ దాన్ని హోటల్లో దీపంగా పెడతామన్నవాళ్లే. అది పనిచేసే చోటికే పోవాలని ఆమె పట్టు.

హర్ష దాని స్తంభాన్ని ఊపి చూశాడు. లెన్సును వెలుతురుకు పట్టి బూజు కోసం వెతికాడు.

"పిల్లను జూడనీకొచ్చినట్టు జూస్తున్నరేంది?"

"అక్కడ ఇంతసేపు చూడనివ్వరండీ."

ఈసారి నవ్వేసింది. "ఏం ఫొటోలు కడుగుతరు?"

అతను సంచిలోంచి ఒక కవరు తీశాడు. "మా అన్నయ్యవి. నిరుడు శామీర్‌పేట రోడ్డు మీద యాక్సిడెంట్‌లో పోయాడు. కడగడం నేర్పుతా రారా అనేవాడు. ఖాళీ లేదనేవాణ్ణి. ఇందులో వాడి ఫొటో ఒకటుంది. బయట ఇవ్వబుద్ధి కాలేదు."

ఆమని నెగెటివ్ పట్టి చూసింది. పెద్దది, చదరంగా ఉంది. బాపు మిషన్‌లో చిన్న రీలే పడుతుంది. ఆ మాట చెబితే ఇతనూ వెళ్లిపోతాడు. చెప్పకపోతే మిషన్ మంచి చేతిలో పడుతుంది.

"గీ ఫిల్ము దీంట్ల పట్టదు," అంది చివరికి. "మీకు పనికిరాదు."

అతని ముఖం వాడిపోయింది. చూడలేక, "లోపలికి రాండ్రి. మిషన్ లేకున్నా ఒక తీరుగ తియ్యొచ్చు," అంది.

ఎర్ర బల్బు వెలిగించి ఫొటోలు కడిగే మందు కలిపింది. కాగితం మీద నెగెటివ్, దాని మీద అద్దం పెట్టి, తెల్ల బల్బు మూడు లెక్కపెట్టేంతసేపు వేసి ఆర్పింది. మందులో వేసిన కాగితం మీద ముందు కళ్లు, తర్వాత నవ్వు తేలాయి. అరచేతిలో పట్టేంత ముఖం.

హర్ష ఏడ్చాడు.

"కన్నీళ్లు మందుల పడ్తయి. ఎనకకు జరుగుండ్రి," అంటూనే ఆమనీ ఏడ్చింది. బాపు పోయాక మనిషి ముందు ఏడవడం అదే మొదలు.

ఫొటో ఆరేసరికి వాన తగ్గింది.

"మిషన్ తీసుకుంటానండీ."

"పట్టదని జెప్పిన గదా."

"అన్నయ్యవి పట్టవు. నేను తీసేవి పడతాయి. చిన్న రీలు కెమెరా కొంటాను. మొదటి ఫొటో మీదే తీస్తాను."

"ఏడ్సిన మొఖం నాది. ఇప్పుడప్పుడే ఫొటో దిగ."

"ఎన్నాళ్లయినా ఆగుతాను."

ఆమె మిషన్‌కు నల్లబట్ట చుట్టింది. అతను ఒక్కడే ఎత్తబోతే, "బరువుంటది," అని రెండో పక్క తాను పట్టుకుంది.