ఊపిరి బొంత

2051లో ఒక ఆదివారం. విజయనగరం టౌన్‌హాల్లో పొద్దున్న తొమ్మిదింటికి పడుకున్న అరవైమందిలో, పదకొండు దాటినా ఒక్కరికీ కునుకు పట్టలేదు.

పట్టేదెలా? ఒక పక్క మైకు, ఇంకో పక్క ఉప్మా పోపు వాసన. పడుకున్నవాళ్ళేమో పక్కవాడు నిద్రపోయాడా అని తలెత్తి చూడటం. వేదిక మీది తెరపై అరవై పచ్చచుక్కలు, ఒక్కో మనిషి ఊపిరికి ఒకటి, కప్పగంతులు వేస్తున్నాయి.

ఆ చుక్కల్ని పంపేది ఊపిరి బొంత. అమ్మమ్మల పాత నేతచీరలతో కుట్టిన పల్చని బొంతే, కాకపోతే కుట్టుదారంలో సెన్సర్లుంటాయి. నిద్రలో పసిబిడ్డ ఊపిరి ఆగితే వీపు కింద మెల్లగా తడుతుంది. "తట్టడం వరకే నేర్చుకున్నాం. నిక్షేపంలాంటి బిడ్డకు ఊపిరి ఎందుకాగుతుందో ఇంకా తెలీదు," అంటుంది దాన్ని కనిపెట్టిన డాక్టర్ నుస్రత్. అది తెలుసుకునే పరిశోధన కోసమే ఈ నిద్రదానం. మనుషులు నిద్రపోయిన ప్రతి గంటకూ దాతలు ఇంతని ఇస్తారు. ఇవాళ విరాళాలు రాకపోతే ల్యాబ్‌కి తాళమే.

ఆ బొంతలన్నీ కుట్టింది పైడితల్లి. పద్దెనిమిదేళ్ళ కిందట, బారసాల ఇంకా రెండ్రోజులుందనగా, ఆమె తొలిబిడ్డ నిద్రలోనే పోయాడు. అప్పట్నుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు. ఇంట్లో ఎవరు పడుకున్నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూడందే ఉండలేదు. "బతికే ఉన్నానే, పడుకో!" అని మొగుడు సింహాచలం వెక్కిరించేవాడు.

"మీరూ పడుకోండి, పైడితల్లి గారూ," అంది నుస్రత్.

"నాను పడుకుంటే ఈళ్ళని ఎవులు సూత్తారు, డాట్రమ్మా?"

"తెర మీద కనిపిస్తారుగా. అదిగో మీ ఆయన చుక్క. పక్కది మీ అమ్మాయి రేవతిది."

పైడితల్లి మిగిలిన ఒక బొంత మీద ఒళ్ళు వాల్చి ఆ రెండు చుక్కల్నే చూసింది. వెలుగుతున్నాయి, తగ్గుతున్నాయి, మళ్ళీ వెలుగుతున్నాయి. ఇన్నేళ్ళూ వేలితో వెతుక్కున్నది ఇప్పుడు కళ్ళెదుట కనిపిస్తోంది. ఆమె మనసు నిమ్మళించింది. రెప్పలు వాలిపోయాయి.

సింహాచలం గబుక్కున లేచి మైకు వైరు పీకేశాడు. పన్నెండు పేజీల ప్రసంగంతో వచ్చిన ముఖ్య అతిథి, దాన్ని జేబులోనే ఉంచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద నడిచి, తనకు కప్పాల్సిన శాలువా ఆమెకు కప్పి వెళ్ళిపోయాడు. ఆ నిశ్శబ్దానికి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే గుర్రు పెట్టారు. ప్రసంగం లేని సభను ఆ ఊరు చూడటం అదే మొదలు. దాతలు ఆనందం పట్టలేక రేటు రెట్టింపు చేశారు!

అలా ల్యాబ్ నిలబడింది. పైడితల్లి మాత్రం మర్నాడు తెల్లారాక గానీ కళ్ళు తెరవలేదు. తెరిచేసరికి ముక్కు దగ్గర సింహాచలం వేలుంది. అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏటయ్యా ఇది! తెర మీద నా సుక్క కనపడతంది కదా?"

"కనపడింది. అయినా ఇంతసేపు లెగకపోతే బయమెయ్యదేటే?"

పైడితల్లి పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే, అవతలి పక్క నుంచి ఇంకో వేలు చటుక్కున వెనక్కి పోవడం చూసింది.

అది డాక్టర్ నుస్రత్ వేలు.