పైన పొగ, కింద మసి

టైర్ల యార్డు గేటు పక్క గదిలో వాచ్‌మన్ శవం దొరికింది. తలుపుకి లోపల గడియ వేసే ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు. ఊపిరాడక పోయాడన్నాడు డాక్టర్.

ఇన్‌స్పెక్టర్ తన కర్చీఫ్‌తో అతని ముఖం తుడిచింది.

ఆ రోజు ఊరి మీద ఆకాశమంతా గోధుమరంగు పొగ. ఎక్కడో దూరాన అడవులు తగలబడుతున్నాయి. అలాంటి పొగల జాడ తీసే సైంటిస్టు ఆమె సొంత అన్న. తల్లిదండ్రులు పోయాక ఆమెను పెంచినవాడు. శాటిలైట్ ఫోటో తెచ్చి బల్ల మీద పరిచాడు.

"చూడు చెల్లీ, అడవి పొగ సరిగ్గా ఆ యార్డు మీదుగానే పోయింది. పాపం, ముసలాడు తట్టుకోలేకపోయాడు."

ఆమె ఫైల్ మూసేసింది. "యార్డు వెనకాల ఏదో కాలిందమ్మా, నా మాట వినండి" అని వాచ్‌మన్ భార్య స్టేషన్ గుమ్మంలో మొత్తుకున్నా వినలేదు.

వారం తిరిగింది. అతని ముఖం తుడిచిన కర్చీఫ్ మీది నల్లటి జిడ్డు మరక ఎంత ఉతికినా పోలేదు.

"దాంతో నా బండి చెయిన్ తుడిచారా ఏంటి మేడమ్?" నవ్వాడు కానిస్టేబుల్.

అడవి పొగకి ఇంత నల్లటి జిడ్డేంటి, అనుకుంది ఆమె. మధ్యాహ్నానికల్లా అన్న ఆఫీసు మేడ మీద ఉంది. యార్డుకి రెండు వీధుల అవతలే ఆ ఆఫీసు. మేడ మీద గాలి కొలిచే మెషిన్ ఉంది. అది గాలి పీల్చి, గంటకో మచ్చ చొప్పున టేపు మీద ధూళి పట్టిస్తుంది.

సాయంత్రం కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకెళ్ళి టేపు చుట్ట అన్న బల్ల మీద పెట్టింది.

"శాటిలైట్ పైనుంచి కదా చూసేది? పొగ నేలకి దిగిందో లేదో ఆ ఫోటోలో తెలుస్తుందా?"

"అదీ... మన మేడ మీది మెషిన్ అప్పుడు చెడిపోయింది."

"కంప్యూటర్లో అంకెలు చెరిపావు. టేపు మరిచిపోయావు."

చుట్ట విప్పింది. వరుసగా లేత మచ్చలు. మధ్యలో రెండు కారునలుపు. మళ్ళీ లేతవి.

"అడవి పొగ దిగితే రోజంతా గోధుమరంగు మచ్చలే పడేవి. అది మన నెత్తి మీదుగా పోయింది, అంతే. వాచ్‌మన్ పోయిన తెల్లవారుజామున, ఈ రెండు గంటలసేపు పడ్డ నలుపు టైర్లది. కర్చీఫ్ మీది జిడ్డూ అదే. యార్డులో సగం వాటా వదిన పేరు మీద ఉందట. ఇవాళే తెలిసింది."

అన్న టేపు చుట్ట పక్కకి నెట్టాడు.

"పాత టైర్లు వదిలించుకుందామనుకున్నాం. వాడికి సెలవిచ్చి పంపాం. మళ్ళీ వచ్చి పడుకున్నాడని తెలీదే! చిన్నప్పుడు నిన్ను డాబా మీద పడుకోబెట్టి చుక్కలు చూపించినవాణ్ణి, నా మాట నమ్మవా తల్లీ?"

"నమ్మాను. నువ్వు వేలు పెట్టి చూపించగానే పైకే చూశాను. కింద మనిషి చచ్చి పడి ఉన్నా."

కానిస్టేబుల్ బేడీలు అందించాడు. ఆమె తన చేత్తోనే వేసింది.

"జీపు ముందు వాచ్‌మన్ ఇంటికి పోనీ," అంది. "ఆవిడ మాట ఇంకా వినలేదు."